సంయుగ్మం కిట్ సమీక్ష: నిరోధకత దాటిందని తెలుస్తుంది, కణాలు తాకాయని తెలియదు

డిగ్రీ, పీజీ మైక్రోబయాలజీ ల్యాబుల కోసం అమ్మే బాక్టీరియా సంయుగ్మం కిట్ ఇది. సంయుగ్మం (కాంజుగేషన్) అంటే ఒక బాక్టీరియా కణం ఇంకో కణాన్ని తాకి తన డీఎన్‌ఏ ప్రతిని దానికి ఇవ్వడం: ఇచ్చేది దాత, అందుకునేది గ్రహీత. ఐదు ప్రయోగాలకు సరిపడా సరుకు వస్తుంది: దాత, గ్రహీత స్ట్రెయిన్లు చెరొక వయల్ ఎండబెట్టిన పొడి రూపంలో, ఎల్‌బీ బ్రాత్ పొడి (బాక్టీరియాను పెంచే ద్రవానికి), ఎల్‌బీ ఆగర్ పొడి (ప్లేట్లలో గట్టిపడే మీడియాకు), టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్ అనే రెండు యాంటీబయోటిక్ మందులు, కొన్ని ట్యూబులు, ఒక మాన్యువల్. కంపెనీ పేరు రాయడం కంటే పెట్టె తెరిచాక ఏం చూడాలి, ఏం చేర్చుకోవాలి అన్నది చెప్పడమే ఉపయోగమని పేరు వదిలేశాం.

ముందే తీర్పు చెప్పేస్తాం. స్ట్రెయిన్ల ఎంపిక చాలా బాగుంది. జాగ్రత్తగా చేస్తే ప్రయోగం మొదటిసారే వస్తుంది. కానీ మాన్యువల్లో ఉన్నది ఉన్నట్టు చేస్తే విద్యార్థికి తెలిసేది ఒక్కటే: దాతలో ఉన్న టెట్రాసైక్లిన్ నిరోధకత గ్రహీతలోకి చేరింది. అది కణం కణాన్ని తాకడం వల్లే చేరిందని ఈ కిట్‌లో ఏ ప్లేటూ రుజువు చేయదు. సంయుగ్మం పాఠంలో అసలు సంగతే అది. దాన్ని వదిలేసి కాలనీలు లెక్కపెట్టించడం మాకు నచ్చలేదు. అదృష్టవశాత్తూ, ఒక సిరంజి ఫిల్టరూ కొంచెం డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్) చేరిస్తే లోటు తీరిపోతుంది.

స్ట్రెయిన్ల గురించి ముందు. రెండూ ఈ. కోలై కె-12 వంశానివే. దాతలో ఎఫ్ ప్లాస్మిడ్ (క్రోమోజోమ్ కాక విడిగా ఉండే గుండ్రటి డీఎన్‌ఏ) మీద టీఎన్10 అనే ట్రాన్స్‌పోజాన్ (చోటు మారగల డీఎన్‌ఏ ముక్క) ఉంది, టెట్రాసైక్లిన్ నిరోధకత దానిది. గ్రహీతకు స్ట్రెప్టోమైసిన్ నిరోధకత క్రోమోజోమ్‌లోనే ఉంది: రైబోజోమ్‌లోని ఎస్12 ప్రోటీన్ జన్యువు మారడం వల్ల వచ్చింది. అంటే ఒక గుర్తు కదిలేది, ఇంకొకటి కదలనిది. రెండు మందులూ కలిపిన ప్లేటు మీద దాత స్ట్రెప్టోమైసిన్‌కు చస్తుంది, గ్రహీత టెట్రాసైక్లిన్‌కు ఆగిపోతుంది, ప్లాస్మిడ్ అందుకున్న గ్రహీత మాత్రమే కాలనీ కడుతుంది. ఇంత శుభ్రమైన జంట దొరకడం కిట్‌కు పెద్ద బలం.

ఆంపిసిలిన్ గుర్తుతో వచ్చే కిట్లు కూడా ఉన్నాయి. ఎంచుకునే వీలుంటే వాటిని వదిలేయండి. ఆంపిసిలిన్‌ను విరిచే బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ కాలనీ చుట్టూ ఆగర్‌లోకి వ్యాపిస్తుంది. అక్కడ మందు తగ్గిపోయి, ప్లాస్మిడ్ లేని కణాలు కూడా చిన్న చిన్న ఉపగ్రహ కాలనీలుగా పుడతాయి. లెక్క అక్కడే పాడవుతుంది. టెట్రాసైక్లిన్‌తో ఈ బాధ లేదు: టీఎన్10 చేసే ప్రోటీన్ మందును కణం బయటికి తోస్తుందే తప్ప విరవదు, కాబట్టి పక్కన ఉన్న కణానికి లాభం ఉండదు.

ఇక మాన్యువల్. ఇందులో మొదటి పెద్ద తప్పు, రాత్రి కల్చర్లు రెండింటినీ వాటి వాటి మందులతో పెంచమనడం. దాతకు టెట్రాసైక్లిన్ అవసరమే. అది లేకపోతే ప్లాస్మిడ్ పోగొట్టుకున్న కణాలు మెల్లగా పోగవుతాయి. గ్రహీతకు స్ట్రెప్టోమైసిన్ అక్కర్లేదు, దాని నిరోధకత క్రోమోజోమ్‌లో ఉంది, ఎక్కడికీ పోదు. పైగా హాని. రాత్రి కల్చర్‌లో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల మందు ఉంటే, మర్నాడు 50 రెట్లు పలచన చేసినా ఇంకా 2 మైక్రోగ్రాములు మిగులుతుంది. ఆ ద్రవంలోకి దాతను కలిపితే జత కట్టకముందే అది దెబ్బ తింటుంది. గ్రహీతను ఉత్త ఎల్‌బీలోనే పెంచండి. దాత విషయంలో 10 మైక్రోగ్రాముల టెట్రాసైక్లిన్ 50 రెట్లు పలచనైతే 0.2 మిగులుతుంది. మిశ్రమంలో అది ఇంకా పది రెట్లు తగ్గుతుంది కాబట్టి గ్రహీతకు ఇబ్బంది లేదు. సెంట్రిఫ్యూజ్‌లో కడగాల్సిన పని కూడా తప్పుతుంది. కడగకపోవడమే మేలు, గట్టిగా తిప్పితే పైలస్‌లు, అంటే దాత గ్రహీతను పట్టుకునే వెంట్రుకల్లాంటి తంతువులు, విరిగిపోతాయి.

రెండో లోపం, కల్చర్ ఏ దశలో ఉండాలో నొక్కి చెప్పకపోవడం. రాత్రంతా పెరిగి అలిసిపోయిన దాత కణాలకు పైలస్‌లు ఉండవు. ప్లాస్మిడ్ కణంలోనే ఉన్నా, బయటికి అవి గ్రహీతల్లాగే ప్రవర్తిస్తాయి. అందుకే రాత్రి కల్చర్‌ను నేరుగా కలపకూడదు. ఉదయం 1:50 నిష్పత్తిలో తాజా ఎల్‌బీలోకి మార్చి, 37 డిగ్రీల దగ్గర షేకర్‌లో పెట్టండి. 600 నానోమీటర్ల దగ్గర శోషణ 0.4 వచ్చేదాకా ఆగండి. రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. స్పెక్ట్రోఫోటోమీటర్ లేని కాలేజీలో ఎర్ర ఫిల్టర్ పెట్టిన మామూలు కలరీమీటర్ సరిపోతుంది. ఆ స్థాయిలో మిల్లీలీటరుకు సుమారు 10⁸ కణాలు ఉంటాయి.

మిశ్రమం ఇలా: దాత 0.2 మి.లీ., గ్రహీత 1.8 మి.లీ. దాతలకంటే గ్రహీతలు ఎక్కువుంటే ప్రతి దాతకూ జత దొరుకుతుంది. దాతలు ఎక్కువైతే వాటిలో వాటికి కుదరదు. ఎఫ్ ప్లాస్మిడ్ ఉన్న కణం ఉపరితలం మీద ట్రాటీ, లోపొరలో ట్రాఎస్ అనే ప్రోటీన్లు ఉండి, మరో దాత నుంచి ప్లాస్మిడ్ రాకుండా అడ్డుకుంటాయి. పైపెట్‌తో మెల్లగా రెండుసార్లు కలిపి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు కదపకుండా ఉంచండి. మాన్యువల్ ఇక్కడ ‘గది ఉష్ణోగ్రత లేదా 37’ అని రాసింది. ఇది నిజంగా నష్టం చేసే మాట. 25 డిగ్రీలకు దిగువన ఎఫ్ పైలస్‌లు సరిగ్గా నిలవవు. ఏసీ వేసిన ల్యాబ్‌లో బల్ల మీద వదిలేస్తే ప్లేట్లు దాదాపు ఖాళీగా వస్తాయి, విద్యార్థులు స్ట్రెయిన్లు పాడయ్యాయనుకుంటారు. ఎల్‌బీని కూడా ముందే వెచ్చబెట్టి ఉంచుకోవాలి.

గంట తర్వాత వోర్టెక్స్ (ట్యూబును వేగంగా కుదిపే యంత్రం) మీద అర నిమిషం గట్టిగా కుదిపితే జతలు విడిపోతాయి. ఎఫ్ ప్లాస్మిడ్ సుమారు లక్ష బేస్ జతల పొడవు, అది దాటడానికి కొన్ని నిమిషాలే చాలు. మిగతా సమయం జతలు ఏర్పడడానికీ, కొత్తగా అందుకున్న కణంలో నిరోధక ప్రోటీన్ తయారవడానికీ. గంటకు బదులు పదిహేను నిమిషాలకే ప్లేటు వేస్తే, ప్లాస్మిడ్ అందుకున్న కణాలు కూడా ఇంకా సిద్ధం కాక టెట్రాసైక్లిన్ మీద ఆగిపోవచ్చు.

0.85 శాతం ఉప్పు నీళ్ళలో పది పది రెట్లు పలచన చేస్తూ, 0.1 మి.లీ. చొప్పున రెండు మందుల ప్లేట్ల మీద పరచండి: పలచన చేయనిది, 10⁻¹, 10⁻², 10⁻³. దాతల లెక్కకు టెట్రాసైక్లిన్ ప్లేట్లు, గ్రహీతల లెక్కకు స్ట్రెప్టోమైసిన్ ప్లేట్లు, రెండూ 10⁻⁵, 10⁻⁶ దగ్గర. ఉదాహరణకు 10⁻² ప్లేటు మీద 84 కాలనీలు వస్తే మిల్లీలీటరుకు 84 × 100 × 10, అంటే 8.4 × 10⁴. దాతల ప్లేటు 10⁻⁶ దగ్గర 12 చూపిస్తే 1.2 × 10⁸. భాగిస్తే దాతకు 7 × 10⁻⁴. మాన్యువల్లో ఈ లెక్క ఉంది కానీ దేనితో భాగించాలో ఒక చోట దాత అనీ, ఇంకో చోట గ్రహీత అనీ ఉంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. రికార్డులో ఏది వాడారో రాయించండి, లేకపోతే రెండు బ్యాచ్‌ల ఫలితాలు పోల్చడం కుదరదు.

ఇప్పుడు కిట్‌లో లేని రెండు ట్యూబుల సంగతి. జోషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టాటమ్ 1946లో ఈ. కోలైలో జన్యువుల కలయిక చూపించినప్పుడు, అది కణాల స్పర్శ వల్లా, లేక ద్రవంలో తేలే ఏదైనా పదార్థం వల్లా అన్న ప్రశ్న మిగిలింది. 1950లో బెర్నార్డ్ డేవిస్ యు ఆకారపు గొట్టం మధ్యలో సన్నని గాజు వడపోత పెట్టి, రెండు స్ట్రెయిన్లను చెరో వైపు పెంచాడు. ద్రవం అటూ ఇటూ కదిలింది, కణాలు మాత్రం దాటలేదు. కొత్త కలయికలు రాలేదు. ఆ ప్రయోగాన్ని ఈ రోజు ఏ కాలేజీ అయినా 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టర్‌తో చేయొచ్చు. దాత కల్చర్ 2 మి.లీ. ఫిల్టర్ చేసి, ఆ వడకట్టిన ద్రవం 0.2 మి.లీ.ని గ్రహీత 1.8 మి.లీ.తో కలిపి, అసలు ట్యూబు పక్కనే గంటసేపు ఉంచండి. రెండు మందుల ప్లేటు ఖాళీగా రావాలి. ఇందువల్ల ద్రవంలో తేలే డీఎన్‌ఏ, ఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) కణాలు రెండూ లెక్కలోంచి పోతాయి, ఎందుకంటే అవి రెండూ 0.22 మైక్రాన్ రంధ్రాల్లోంచి సులువుగా దాటతాయి.

రెండో ట్యూబులో దాత, గ్రహీతల మామూలు మిశ్రమానికే డీఎన్‌ఏజ్-1ను మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు, మెగ్నీషియం క్లోరైడ్‌ను 5 మిల్లీమోలార్ చొప్పున చేర్చండి. బయట విడిగా ఉన్న డీఎన్‌ఏను ఆ ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. అయినా కాలనీలు మామూలు ట్యూబుకు దగ్గరగానే వస్తాయి, ఎందుకంటే సంయుగ్మంలో డీఎన్‌ఏ ఎప్పుడూ ద్రవంలో బయటపడదు. ఒక ట్యూబు ఖాళీ, ఇంకోటి నిండుగా: ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పరివర్తన (బయటి డీఎన్‌ఏను కణం తీసుకోవడం), ట్రాన్స్‌డక్షన్ (ఫేజ్ ద్వారా జన్యువులు చేరడం), సంయుగ్మం మూడింటి తేడా ఒక్క రోజులో చేతికి వస్తుంది. ఇది లేకుండా ఏ సంయుగ్మం కిట్‌కూ పూర్తి మార్కులు ఇవ్వలేం.

మరొక కంట్రోల్ (పోల్చి చూసే పరీక్ష) కూడా తప్పనిసరి: కలిపిన వెంటనే వోర్టెక్స్ చేసి ప్లేటు వేయడం. స్ట్రెప్టోమైసిన్ దాతను చంపేలోపు ప్లేటు మీదే కొన్ని జతలు కట్టవచ్చు. ఈ సున్నా నిమిషాల ప్లేటు మీద వచ్చినన్ని కాలనీలను అసలు లెక్కలోంచి తీసేయాలి. దాత ఒక్కటే, గ్రహీత ఒక్కటే పరచిన ప్లేట్లు కిట్‌లో చెప్పినవే. అవి వదలొద్దు, తర్వాత తప్పు ఎక్కడో పట్టించేవి అవే.

ప్లేట్లు ఎక్కువవుతాయి. కిట్ ఆగర్ ప్రయోగానికి 8 ప్లేట్ల లెక్కన ఐదు ప్రయోగాలకు 40 ప్లేట్లకు వస్తుంది. పైన చెప్పినట్టు చేస్తే ప్రయోగానికి 14 కావాలి, మొత్తం 70. ప్లేటుకు 20 మి.లీ. చొప్పున 1.4 లీటర్లు. అంటే 600 మి.లీ. ఎక్కువ, లీటరుకు 40 గ్రాముల లెక్కన మరో 24 గ్రాముల ఎల్‌బీ ఆగర్ పొడి. కిట్‌తో పాటే ఆర్డరులో పెట్టేయండి.

ప్లేట్లు పోసేటప్పుడు ఆగర్ 50 డిగ్రీలకు చల్లారాకే మందులు వేయాలి. టెట్రాసైక్లిన్ వేడికీ వెలుతురుకూ తట్టుకోదు. దాన్ని 70 శాతం ఇథనాల్‌లో కరిగించి, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల స్టాకు చేసుకుని, అల్యూమినియం ఫాయిల్ చుట్టి మైనస్ 20లో దాచండి. ప్లేట్లను కూడా ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వారం పది రోజుల్లో వాడేయండి. నీళ్ళ విషయం మాన్యువల్లో ఒక్క ముక్క లేదు. బోరు నీళ్ళతో మీడియా చేయకండి. కాల్షియం, మెగ్నీషియం టెట్రాసైక్లిన్‌ను పట్టుకుని దాని పని తగ్గిస్తాయి. స్వేదన జలమే వాడాలి.

ఫలితం తేడాగా వస్తే ఇలా చదవండి. గ్రహీత ఒక్కటే వేసిన రెండు మందుల ప్లేటు నిండా పెరుగుదల ఉంటే టెట్రాసైక్లిన్ చచ్చిపోయిందన్నమాట. దాత ఒక్కటే వేసిన ప్లేటు నిండితే స్ట్రెప్టోమైసిన్ తక్కువైంది లేదా వేయడం మరిచారు. ఆ ప్లేటు మీద ఎప్పుడైనా ఒకటీ అరా కాలనీ కనిపిస్తే కంగారు అక్కర్లేదు, అది తనంతట తాను స్ట్రెప్టోమైసిన్ నిరోధకత తెచ్చుకున్న దాత కావచ్చు. కంట్రోళ్ళు రెండూ ఖాళీగా ఉండి, మిశ్రమం కూడా ఖాళీగా ఉంటే, ముందు దాతను టెట్రాసైక్లిన్ ప్లేటు మీద గీసి చూడండి. పెరిగితే ప్లాస్మిడ్ ఉంది, తప్పు కల్చర్ దశలోనో ఉష్ణోగ్రతలోనో జరిగింది. పెరగకపోతే వయల్‌నుంచి మళ్ళీ మొదలు పెట్టాలి.

మాన్యువల్‌లోని బొమ్మ గురించి కూడా చెప్పాలి. అందులో పూర్తి గుండ్రటి ప్లాస్మిడ్, డీఎన్‌ఏ రెండు పోగులతో, పైలస్ గొట్టంలోంచి జారి అవతలికి వెళ్ళిపోతుంది, దాత ఖాళీగా మిగులుతుంది. ఇది పరీక్షలో రాస్తే తప్పు. ట్రాఐ అనే ఎంజైమ్ ప్లాస్మిడ్‌లో ఓరిటీ అనే చోట ఒక పోగును మాత్రమే కోస్తుంది. ఆ ఒంటి పోగు 5′ కొస ముందుగా, రెండు కణాల పొరలను కలిపే స్రావ యంత్రం గుండా దాటుతుంది. దాతలో మిగిలిన పోగుకూ, గ్రహీతలో చేరిన పోగుకూ జత పోగులు తయారవుతాయి. చివరికి ప్లాస్మిడ్ ఇద్దరి దగ్గరా ఉంటుంది, గ్రహీత కొత్త దాత అవుతుంది. పైలస్ ముఖ్యమైన పని, బావిలోంచి చేదను తాడుతో లాగినట్టు గ్రహీతను దగ్గరికి లాగడం. చాచిన పైలస్ గుండా దూరంగా ఉన్న కణానికి కూడా డీఎన్‌ఏ వెళ్ళగలదని ఇటీవలి సూక్ష్మదర్శిని ప్రయోగాల్లో చూపించారు కాబట్టి, గొట్టం బొమ్మను పూర్తిగా కొట్టేయక్కర్లేదు. రెండు పోగుల ప్లాస్మిడ్‌నూ, ఖాళీ అయిన దాతనూ మాత్రం దిద్దించండి.

‘ఆసుపత్రి బాక్టీరియాలోనూ ఇంతే వేగంగా జరుగుతుంది’ అన్న మాన్యువల్ వాక్యం కూడా సరికాదు. ఎఫ్ ప్లాస్మిడ్‌లో బదిలీని అదుపు చేసే ఫిన్‌ఓ జన్యువు మధ్యలో ఐఎస్3 అనే ముక్క దూరి, అది పనిచేయకుండా పోయింది. అందుకే ఎఫ్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆర్100 లాంటి నిరోధక ప్లాస్మిడ్‌లలో ఆ అదుపు చెడకుండా ఉంది, బదిలీ రేటు బాగా తక్కువ. ఆ తక్కువ రేటుతోనే జపాన్‌లో 1950లలో షిగెల్లా విరేచనాల బాక్టీరియాకు ఒకేసారి నాలుగు మందుల నిరోధకత వచ్చింది. అది కణం నుంచి కణానికి దాటుతోందని 1959లో అక్కడి పరిశోధకులు చూపించారు. మన దగ్గర పాఠం చెప్పేవాళ్ళకు ఉదాహరణ కోసం జపాన్ దాకా వెళ్ళే పని కూడా లేదు. పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థజలం శుద్ధి చేసి వదిలే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రచురితమైంది. అక్కడి వాగుల మట్టిలో నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్‌లు తర్వాత దొరికాయి. హైదరాబాద్ విద్యార్థికి ఈ ప్రయోగం సిలబస్‌లో ఒక యూనిట్‌గా మిగిలిపోకూడదని మా గట్టి అభిప్రాయం.

ఒక పరిమితి. ఈ కిట్‌తో జన్యువుల క్రమాన్ని నిమిషాల్లో కొలిచే వొల్‌మన్, జాకబ్‌ల తరహా అంతరాయ ప్రయోగం (జతలను మధ్యమధ్యలో విడదీసి చూసేది) చేయలేరు. దానికి ఎఫ్ క్రోమోజోమ్‌లో కలిసిపోయిన హెచ్‌ఎఫ్‌ఆర్ దాత కావాలి. సిలబస్‌లో జన్యు మ్యాపింగ్ ఉంటే వేరే కిట్ చూడండి.

టైమ్‌టేబుల్ మూడు గంటలదైతే ఇది ఇమడదు. ముందు సాయంత్రం రాత్రి కల్చర్లు, ఉదయం తొమ్మిదికే ల్యాబ్ అసిస్టెంట్ 1:50 మార్పు చేసి ఉంచితే, విద్యార్థులు పదకొండున్నరకు వచ్చి కలిపి, ఒంటిగంట దాటాక ప్లేట్లు వేసుకోవచ్చు. కాలనీలు మర్నాడు, 20 నుంచి 24 గంటలకు లెక్కపెట్టాలి. పొడి వయల్‌ను తెరిచి, ఒంటి కాలనీ దాకా తెచ్చుకోవడానికి అంతకుముందు మూడు నాలుగు రోజులు కేటాయించండి.

పారేయడంలో రాజీ వద్దు. ఇక్కడ తయారయ్యేవి రెండు మందులకూ లొంగని, ప్లాస్మిడ్‌ను ఇంకొకరికి ఇవ్వగల బాక్టీరియా. ప్లేట్లు, ట్యూబులు, టిప్‌లు అన్నీ 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే బయటికి. ఒలికితే 1 శాతం సోడియం హైపోక్లోరైట్ పోసి పదిహేను నిమిషాలు వదిలేసి తుడవండి. సింకులో పారబోయడం ఏ పరిస్థితుల్లోనూ వద్దు. మాన్యువల్ ఈ విషయానికి రెండు వరుసలే ఇచ్చింది, ఒక పేజీ ఇవ్వాల్సింది.

కొనేముందు కొటేషన్‌లో జీఎస్టీ, ఐస్ ప్యాక్ రవాణా విడిగా అడగండి, వయల్స్ గడువు తేదీ కనీసం ఆరు నెలలు ముందుండేలా రాయించుకోండి. వేసవిలో శుక్రవారం పంపొద్దని చెప్పండి, పార్సిల్ ఆదివారం గోదాములో ఉండిపోతుంది. స్ట్రెయిన్లే కావాలంటే చండీగఢ్‌లోని ఎంటీసీసీ (సూక్ష్మజీవుల స్ట్రెయిన్లు దాచి ఇచ్చే సంస్థ) కేటలాగ్ చూడొచ్చు, మందులూ ఆగరూ విడిగా కొనుక్కోవచ్చు. కిట్ కొన్నవాళ్ళు మొదటి వారంలోనే రెండు స్ట్రెయిన్లకూ గ్లిసరాల్ స్టాకులు చేసుకోండి: తాజా కల్చర్ 0.5 మి.లీ., 50 శాతం స్టెరైల్ గ్లిసరాల్ 0.5 మి.లీ., దాతకు టెట్రాసైక్లిన్‌లో పెంచిన కల్చరే వాడాలి. మైనస్ 80 ఉంటే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. మైనస్ 20 మాత్రమే ఉంటే ప్రతి ఏడూ కొత్తగా గీసి, దాతను టెట్రాసైక్లిన్ ప్లేటు మీద సరిచూసి, మళ్ళీ దాచుకోవాలి. అలా చేస్తే వచ్చే ఏడాది కొనాల్సినవి ఆగర్, మందులు, డీఎన్‌ఏజ్, ఫిల్టర్లు మాత్రమే.